రంగు వేసిన నిచ్చెన

మా ప్రార్థనా మందిరానికి యాభై ఏళ్లు నిండాయని ఒక పుస్తకం వేస్తూ, మా బావ గురించి ఒక పేజీ రాసిమ్మని నన్ను అడిగారు. ఆదివారం పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని కదా, నాకు రాయడం వచ్చని వాళ్ల నమ్మకం. రాసిచ్చాను. మంచి పనివాడు, మాట మీద నిలబడేవాడు, మందిరంలో మనం కూర్చునే బల్లలన్నీ ఆయన చేతివే అని రాశాను. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. అయినా అచ్చై చేతికొచ్చాక చదువుకుంటే నాకే ఒళ్లు మండిపోయింది. అందుకే మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

బావ అంటే మా అక్క మొగుడు. నిచ్చెనలు చేస్తాడు. ఈ రోజుల్లో చెక్క నిచ్చెనలు ఎవరు కొంటారని మీకు అనిపించొచ్చు. కరెంటు పని చేసేవాళ్లు కొంటారు. రేకు నిచ్చెన మీద నిలబడి వైరు ముట్టుకుంటే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. మా రెండిళ్లకీ మధ్య ఒక్కటే గోడ. వాళ్ల పెరట్లో బావ షెడ్డు ఉంది, పొడుగ్గా, సన్నగా, రైలుపెట్టెలా. పొద్దున్నే చెక్క నున్నగా చేసే చిత్రిక చప్పుడు మొదలైతే మా ఇంట్లో గడియారం చూసుకునే పని లేదు. ఆయన మాట తక్కువ మనిషి. మా అక్క మాత్రం ఇద్దరి మాటలూ తనే మాట్లాడేస్తుంది కాబట్టి ఆ ఇంట్లో లోటేమీ తెలియదు.

షెడ్డు గోడకి ఆరు మెట్ల చిన్న నిచ్చెన ఒకటి వేలాడుతూ ఉంటుంది. అది వాళ్ల నాన్న చేసింది. నూనె పూసి పూసి నల్లగా అయిపోయింది. కొత్త నిచ్చెన ఏది మొదలుపెట్టినా బావ ముందు దాన్ని దించి, మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం దాని మీదే కొలుచుకుంటాడు. వాళ్ల నాన్న, అంటే నాకూ మామయ్య వరసే, రెండు సూత్రాలు నేర్పి పోయాడు. ఒకటి, నువ్వు ముందు ఎక్కి ప్రతి మెట్టు మీదా ఎగిరి దూకకుండా నిచ్చెన గుమ్మం దాటకూడదు. రెండోది, నిచ్చెనకి రంగు వెయ్యకూడదు. నూనె పుయ్యాలి, అంతే. ఎక్కేవాడు కిందనుంచి చూస్తే కర్రలో ఎక్కడ ముడి ఉందో, ఎక్కడ నెర్రె విచ్చిందో కనబడి తీరాలి. రంగు వేసిన నిచ్చెనని నమ్మడం, నవ్వే దొంగని నమ్మడం ఒకటేననేవాడట మామయ్య.

ఇక మా ఆయన. కరెంటు పని. ఎక్కని స్తంభం లేదు, పాకని మిద్దె లేదు. బావ ఆయన్ని కోతి అనేవాడు, అదీ ముద్దుగానే. అన్నయ్యా, తమ్ముడూ అని ఒకరినొకరు పిలుచుకునే తోడల్లుళ్లు. నిజం అన్నదమ్ములు కూడా అంత కలిసి ఉండరు. బావ చేసిన ప్రతి నిచ్చెననీ బావ తర్వాత ఎక్కేది ఈయనే. ఇప్పుడు మా ఆయన ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తాడు. కుర్చీకి చేతికర్ర ఆనించి ఉంటుంది. పదకొండేళ్లయింది.

ఆది పాపం పాఠం అంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. తోటలో ఉన్న ఆ మొదటి ఇద్దరూ వద్దన్న పండు తిన్నారు, సరే. వాళ్లు తింటే అప్పటికి పుట్టని పిల్లలకి, ఆ పిల్లల పిల్లలకి, ఆఖరికి నాకు, ఆ మచ్చ ఎందుకు అంటాలి? మా పాస్టరుగారిని మేమంతా అయ్యగారు అంటాం. ఆయనతో ఎన్నిసార్లు వాదించానో. ఆయన ఓపిక మనిషి. పండు సంగతి వదిలెయ్యమ్మా, తర్వాత ఏం చేశారో చూడు అనేవారు. తర్వాత ఏం చేశారు? ఆకులు కుట్టుకుని కప్పుకున్నారు. చెట్ల చాటున నక్కారు. దేవుడే వచ్చి అడిగితే మగాడు ఆడదాన్ని చూపించాడు, ఆడది పామును చూపించింది. అక్కడ నాకు ఆ మగాడి మీద ఎక్కడలేని కోపం వచ్చేది. సృష్టిలో మొదటివాడివి, నీ నోటితో నువ్వు తిన్నదానికి పెళ్లాం పేరు చెబుతావా అని పిల్లల ముందే తిట్టేదాన్ని. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు.

ఆ పదకొండేళ్ల కిందట మందిరానికి కొత్త నిచ్చెన కావలసి వచ్చింది. పైకప్పు ఎత్తు, దీపాలు మార్చాలంటే పద్నాలుగు మెట్లు కావాలి. అప్పుడే కిటికీలకి ఆకుపచ్చ రంగు వేయించాం. స్త్రీల సంఘానికి నేనే పెద్దని. రంగు అరడబ్బా మిగిలింది. నిచ్చెనకి కూడా అదే వేస్తే కిటికీలతో కలిసిపోయి ముచ్చటగా ఉంటుందని నాకు తోచింది. నాకు ఒకటి తోచిందంటే ఇక అంతే. బావని అడిగాను, కుదరదన్నాడు. మళ్లీ అడిగాను. మూడోసారి అడిగితే, అంత ముచ్చటగా ఉంటే మీ ఇంటి గోడలకి వేసుకో అన్నాడు.

ఆదివారం నిచ్చెనకి ప్రతిష్ఠ ప్రార్థన అనగా శుక్రవారం మధ్యాహ్నం బావే గోడ దగ్గరికి వచ్చాడు. "ఆ పచ్చరంగు డబ్బా ఇటివ్వు చిన్నమ్మాయ్" అన్నాడు. నేను నెగ్గానని పొంగిపోయాను. కుంచె కూడా పట్టుకుని వెళ్లి సగం నిచ్చెనకి నా చేత్తోనే రంగు వేశాను. ఆయనకి ఏమైందో, ఎందుకు దిగివచ్చాడో అడగనైనా అడగలేదు.

ఏమైందంటే, ఆ ఉదయం ఎడమ నిలువు కర్రకి తొమ్మిదో మెట్టు కోసం బెజ్జం వేస్తుంటే కర్ర నెర్రె విచ్చింది. జానెడు పొడుగు. దాన్ని పక్కన పడేసి ఇంకో కర్ర తీసుకోవాలి. షెడ్డులో ఇంకో కర్ర ఉంది కూడా. కానీ ఆదివారానికి అందదు. పైగా ముప్ఫై ఏళ్లలో బావ బెజ్జం దగ్గర కర్ర పాడుచేసింది లేదు. మందిరానికి చేసేదాంట్లోనే చెయ్యి తప్పిందని ఎవరితోనూ అనిపించుకోవడం ఆయనకి ఇష్టం లేకపోయింది. రంపపు పొట్టులో జిగురు కలిపి ఆ నెర్రెలో కూరాడు. ఆరాక గీకితే వేలికి తగల్లేదు గానీ కంటికి కనబడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి నా రంగు డబ్బా.

శనివారం సాయంత్రం మా అందరి ముందూ బావ నిచ్చెన ఎక్కి మెట్టు మెట్టుకీ దూకాడు. తొమ్మిదో మెట్టు మీద మాత్రం కాలు ఇలా ఆనించి అలా తీసేశాడు. బావకి వయసైపోయిందే అని అక్కని ఏడిపించాను. నవ్వుకున్నాం.

రెండు నెలలు గడిచాయి. ఒక బుధవారం మా ఆయన మందిరంలో దీపం మార్చడానికి ఎక్కాడు. కింద నేను పూలకుండీలు తుడుస్తున్నాను. టప్పుమని ఒక చప్పుడు, ఆ వెనకే మనిషి బండల మీద. తుంటి విరిగింది, మోకాలు నుజ్జయింది. నా కేకలకి జనం వచ్చారు. అందరికంటే ముందు బావ వచ్చాడు. వచ్చి, పడున్న మా ఆయన్నీ విరిగిన నిచ్చెననీ చూసి, ఎవరూ అడక్కుండానే ఒక మాట అన్నాడు. "పక్కకి వంగి ఉంటాడు."

నిజమే, వంగాడు. దీపం బారెడు దూరంలో ఉంటే దిగి నిచ్చెన జరపకుండా చెయ్యి చాపాడు. పాతికేళ్లుగా రోజూ అలాగే చాపుతున్నాడు. కానీ ఆసుపత్రిలో స్పృహ వచ్చాక ఆయన కూడా అదే చెప్పాడు. నా తొందరే, వంగాను, అన్నయ్య నిచ్చెన విరగ్గొట్టాను అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే దొంగ కదా భుజాలు తడుముకోవాలి. మా ఇంట్లో దొర తడుముకున్నాడు.

ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లే హడావుడిలో, నా కాలి దగ్గర పడి ఉన్న విరిగిన కర్రముక్క నేను చూశాను. పైన ఆకుపచ్చ. విరిగిన చోట ఒక పక్క చెక్క పీచు పీచుగా తెల్లగా ఉంది. ఇంకో పక్క పీచే లేదు, ఎండిన పిండిలా ఉంది. గోటితో గీకితే రాలింది. నిచ్చెనల వాడి పక్కింట్లో ఉండేదాన్ని, అదేమిటో నాకు ఒకరు చెప్పాలా? ముక్కని కొంగులో చుట్టేశాను. ఆ సాయంత్రం ఆసుపత్రి వసారాలో బావని పట్టుకుని నిలదీశాను. నెర్రె సంగతి, జిగురు సంగతి అంతా గొణిగినట్టు చెప్పాడు. నేను నోరెత్తబోయేలోగా ఇంకొకటి చెప్పాడు.

"రంగు నువ్వే కదా అడిగావు, చిన్నమ్మాయ్. మూడుసార్లు అడిగావు."

ఆ ఒక్క మాటతో నా నోటికి తాళం పడింది. నేనెవరికి చెప్పినా ఆయన ఆ మాటే చెబుతాడు. మా ఆయన లేచి ఆ కుంచె పట్టిన చెయ్యి ఎవరిదని అడుగుతాడు. పైగా అక్క కాపురం. ఈ లెక్కలన్నీ అక్కడే నిలబడి వేసుకున్నాను, లోపల మా ఆయన మూలుగుతుంటే. తర్వాత ఇంటికొచ్చి ఆ ముక్కని పెళ్లిచీర కింద, పెట్టె అడుగున పెట్టేశాను.

పదకొండేళ్లంటే మాటలా! రోజూ గోడ అవతల చిత్రిక చప్పుడు, గోడ ఇవతల మా ఆయన చేతికర్ర చప్పుడు. ఆ రెంటి మధ్యా నేను. కక్కలేను, మింగలేను. బావ మా ఆయన్ని కోతి అనడం మానేశాడు. ఎదురుపడితే పలకరిస్తాడు, కానీ కళ్లు ఆయన మోకాలి దాకా వెళ్లవు. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో నాకు ఎవరూ వర్ణించి చెప్పక్కర్లేదు, అద్దంలో ఒకరిని, గోడ మీంచి ఒకరిని చూస్తూనే ఉన్నాను. మేమిద్దరం ఒకరికొకరం కాపలా కాసుకున్నాం. ఆయన చెబుతాడేమోనని నాకు భయం, నేను చెబుతానేమోనని ఆయనకి. ఆదివారం పిల్లలకి తోట పాఠం వచ్చినప్పుడల్లా ఒంట్లో బాగాలేదని ఇంకొకరికి అప్పజెప్పేదాన్ని. ఆ మగాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. చివరికి పాఠాలే మానేశాను.

మా ఆయన మాత్రం ఆ రోజు నుంచీ తన చేతిని తను నమ్మలేదు. ఇంట్లో చిన్న స్విచ్చు బిగించడానికి కూడా ఇద్దరు మనుషుల్ని పక్కన పెట్టుకుంటాడు. స్టూలు ఎక్కమంటే చెమటలు పడతాయి. అంతకంటే ఘోరం, నా వల్ల అన్నయ్య పేరు చెడిందని ఆయన బాధ. విరిగిన నిచ్చెన కథ విన్నవాళ్లు కొందరు బావ దగ్గరికి రావడం మానేశారు, అది నిజం.

యాభై ఏళ్ల ఆదివారం దగ్గర పడింది. ఆ రోజు ఒక్కొక్కరు లేచి తమ బతుకులో జరిగింది చెప్పుకుంటారు, దాన్ని సాక్ష్యం అంటాం. మా ఆయన కూడా చెబుతానని పేరిచ్చాడు. శనివారం పొద్దున్న కాగితం మీద రాసుకున్నది నాకు చదివి వినిపించాడు. నా అజాగ్రత్త వల్ల ఒక మంచి పనివాడి పేరు పోయింది, అందరి ముందూ మా అన్నయ్యని క్షమాపణ అడుగుతున్నాను అని ఉంది అందులో. బాగుందా, అక్షరాలు తప్పుల్లేవు కదా అని అడిగాడు. బాగుందన్నాను. నా నోటితోనే అన్నాను.

ఆయన మళ్లీ బల్ల దగ్గర కూర్చోగానే పెట్టె తెరిచి ముక్క తీసుకుని షెడ్డులోకి వెళ్లాను. మందిరం వాళ్లు కొత్త నిచ్చెన అడిగారు, బావ ఆ పనిలో ఉన్నాడు. వాళ్ల నాన్న నిచ్చెన దించి బల్ల మీద పెట్టి ఉంది. నేను ముక్క దాని పక్కన పెట్టాను. పదకొండేళ్ల తర్వాత దాన్ని చూశాడు ఆయన. ముట్టుకోలేదు. రేపు మా ఆయన ఏం చెప్పబోతున్నాడో చెప్పాను. తెల్లారేలోగా నువ్వు వచ్చి నిజం చెప్పు అన్నాను. నువ్వు రంగు అడక్కపోతే ఆ కర్ర మార్చేవాణ్ణి అన్నాడు. నువ్వు నెర్రె చూశావు, నేను చూడలేదు అన్నాను. ముక్క దాచింది నువ్వు అన్నాడు. వంగి ఉంటాడని మొదటి మాట అన్నది నువ్వు అన్నాను. ఇద్దరం గొంతు తగ్గించుకునే పోట్లాడుకున్నాం, గోడ అవతలికి వినబడకుండా.

కాసేపటికి ఆయన అలిసిపోయి, చిన్న నిచ్చెనని నా వైపు తిప్పాడు. కొత్త నిచ్చెనకి కొలత సరిగ్గా కనబడటం లేదని ఆ ఉదయమే దాని మీది నూనె మడ్డి గీకాడట. రెండో మెట్టు దగ్గర, ఆ నలుపు కింద, వేలెడు మేర చెక్క పీచు లేదు. రంపపు పొట్టూ జిగురూ.

"నాన్న కూడా" అన్నాడు బావ. ఆ గొంతులో దుఃఖం కంటే ఊరటే ఎక్కువుంది. చిన్నప్పటి నుంచీ తను కొలత తీసుకున్నది దీని మీంచే కదా అన్నాడు. ఈ పూడ్చే బుద్ధి తన చేతికి ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అయితే మామయ్యని సమాధిలోంచి లేపి రేపు నిలబెడదామా, బావా? ఆయన లేచి వాళ్ల నాన్నని చూపిస్తాడు. అలా పోతే పోతే తోటలోకే పోతాం" అన్నాను. అన్నాక నేనే ఆగిపోయాను. నేను అయ్యగారితో వాదించింది ఇదే కదా. ఎవరిదో మచ్చ నాకెందుకని. మచ్చ ఎవరిదైనా, నేను దాని మీద నా కుంచెతో నా రంగు వేసుకున్నాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఎవరి పిడికిలి వాళ్లు తెరవాల్సి వచ్చేసరికి ఎవరికీ చెయ్యి రాదు. బావ తల వంచుకుని చిత్రిక అందుకున్నాడు. నేను ముక్క కొంగులో చుట్టుకుని వచ్చి మళ్లీ పెట్టెలో పెట్టేశాను. అదీ మా ధైర్యం.

ఆదివారం అయ్యగారు ఆ తోట పాఠమే ఎత్తుకున్నారు. మనిషి పడిన గోతిలోంచి తనంతట తను పైకి రాలేడు, మన నిచ్చెనల మేస్త్రి ఎంత పొడుగు నిచ్చెన చేసినా అది చాలదు, అందుకే పైనున్నవాడే కిందికి దిగి వచ్చాడు అన్నారు. జనం బావ వైపు చూసి నవ్వారు. బావ నవ్వలేదు. తర్వాత మా ఆయన చేతికర్ర మీద లేచాడు. కాగితం చదివాడు. చదివి ఊరుకోకుండా, కుంటుకుంటూ బావ కూర్చున్న బల్ల దాకా నడిచి వెళ్లి చెయ్యి చాపాడు. బావ లేచాడు. ఇప్పుడు చెబుతాడు, దేవుడా, ఇప్పుడు చెప్పించు అనుకున్నాను. నేనే లేచి చెప్పొచ్చని మాత్రం నాకు తట్టలేదు.

"ఫర్లేదు తమ్ముడూ" అన్నాడు బావ.

జనం కళ్లు తుడుచుకున్నారు. మా అక్క వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంటికి వచ్చాక మా ఆయన ముందుగదిలో కూర్చున్నాడు. మొహం తేటగా ఉంది, గుండె మీంచి బరువు దిగినట్టుందన్నాడు. ఆ మాట నేను భరించలేకపోయాను. పెట్టె దగ్గరికి వెళ్లి, వచ్చి, ముక్క ఆయన ఒళ్లో పెట్టాను. పని తెలిసిన చేతులు కదా. ఆకుపచ్చ మీద బొటనవేలు రాశాడు. విరిగిన అంచు వెలుతురుకి తిప్పాడు. గోటితో గీకాడు. పంచె మీద పొడి రాలింది. చాలాసేపు ఆ పొడినే చూశాడు.

"ఇది నీ దగ్గర ఎప్పటి నుంచి ఉంది?" అన్నాడు.

"బావ..." అని మొదలుపెట్టాను.

గుమ్మంలో నీడ పడింది. బావ. మందిరం నుంచి మా వెనకే వచ్చినట్టున్నాడు. మా ఆయన ఒళ్లో ఏముందో చూశాడు. "చిన్నమ్మాయి రంగు..." అని ఆయన మొదలుపెట్టాడు.

ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం. మా ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం అయ్యాక చెప్పండి, నేను ఎక్కడికీ పోలేను కదా, ఇక్కడే కూర్చుంటాను అన్నాడు.

అప్పుడు బావ గుమ్మం పట్టుకుని చెప్పాడు. నెర్రె చూశాననీ, చూసి పూడ్చాననీ, దూకాల్సిన మెట్టు మీద దూకలేదనీ. నీ తప్పు కాదు తమ్ముడూ అన్నాడు. నేను కూడా చెప్పాను, ఆ బుధవారమే నాకు తెలుసనీ, తెలిసే దాచాననీ. మా ఆయన అంతా విన్నాడు. నన్ను చూడలేదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"నేను మందిరంలో నిలబడి చెప్పాను, అన్నయ్యా" అన్నాడు. "నువ్వు నా గుమ్మంలో చెబుతున్నావు."

మందిరం మా వీధి చివరే, నాలుగిళ్ల అవతల. బల్లలు జరుపుతున్న చప్పుడు, జనం మాటలు ఇంకా వినబడుతూనే ఉన్నాయి. బావ వంగి ఆ ముక్క తీసుకున్నాడు. గేటు దాకా వెళ్లాడు. గేటు తీసి, ఆగి, వెనక్కి తిరిగి నా కోసం చూశాడు.

ఒక్క క్షణం, చెప్పులు వేసుకుని వస్తానన్నాను. గది నాలుగు మూలలా వెతికాను. మంచం కింద వంగి చూశాను. మా ఆయన కుర్చీలోంచి నన్నే చూస్తున్నాడు. దొరకడం లేదని చెబుదామని లేచి నిలబడ్డాను. అవి నా కాళ్లకే ఉన్నాయి.